బిగువు చూసి కొన్న ఎల్.ఎస్.డి.: మూడేళ్ల తర్వాత

టార్క్ పానా, అంటే మనం పెట్టిన బలం అందగానే చప్పుడు చేసే పానా, 'ఠక్' మంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క చప్పుడు నమ్మి ఎల్.ఎస్.డి. అనే పాత వెనక ఇరుసు సామాను మీద పదకొండు వేలు పెట్టాను, బండి వెనక భాగం రెండుసార్లు విప్పించాను.

మాది కోరాపుట్ జిల్లా, పొట్టంగి దగ్గర. కొండ ఊళ్లలో అల్లం, కూరలు ఎత్తుకుని సుంకి ఘాట్ దిగి సాలూరు చేర్చే పికప్ నాది. తారు రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ఊళ్లోకి వెళ్లే ఎర్రమట్టి దారే ప్రాణం తీస్తుంది. వానకి గాడిలో ఒక చక్రం దిగిందంటే అది ఊరికే తిరుగుతుంది, రెండోది బెల్లంకొట్టిన రాయిలా ఉండిపోతుంది. అందుకే ఎల్.ఎస్.డి. పెట్టాలనుకున్నాను. ఇంజను బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచే సామాను డిఫరెన్షియల్. ఎల్.ఎస్.డి. అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే రెండోదానికీ కొంత బలం పంపుతుంది.

విశాఖ వైపు ఒక పాత సామాన్ల కొట్లో మా బండికి సరిపోయేది దొరికింది. క్లచ్ ప్లేట్ల రకం, అంటే లోపలి ప్లేట్ల రాపిడితో పట్టు వచ్చేది. అందరూ చెప్పినట్టే వెళ్లీ వెళ్లగానే బిగువు చూశాను. ఒక యాక్సిల్ ముక్కని వైస్‌లో బిగించి, దాని మీద డిఫరెన్షియల్ కూర్చోబెట్టి, పై నుంచి రెండో ముక్కకి పానా తగిలించాం. పానాని 80 న్యూటన్ మీటర్ల దగ్గర పెట్టి లాగితే ఠక్ మంది. సామాను అంగుళం కూడా కదల్లేదు. "సూసారా బాబూ, కొత్తదానికన్నా బిగువుంది" అన్నాడు కొట్టాయన. నేనూ మురిసిపోయాను. కదలకపోవడం గొప్ప అనుకున్నానే గానీ, అసలు కదులుతుందో లేదో చూడాలన్న ఊహ రాలేదు.

సెమిలిగుడలో మా మిస్త్రీ బాబాయ్ పాతదాని మీదున్న క్రౌన్ వీల్‌ని, అంటే పెద్ద పళ్ల చక్రాన్ని, దీనికి మార్చి, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) సరిచేసి ఎక్కించాడు. "ఓపాలి విప్పి సూద్దామేటి?" అని అడిగాడు కూడా. సీజను నడుస్తోంది, అక్కర్లేదన్నాను. అది నా తప్పే, కొట్టాయన మీద తొయ్యను.

రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. గాడిలోంచి బండి తనంతట తనే లేచి వచ్చేది. కనబడ్డవాళ్లందరికీ "ఫోర్ బై ఫోర్ ఎందుకురా దండగ" అని, నాలుగు చక్రాలూ లాగే బండి అక్కర్లేదని చెప్పాను. మలుపుల్లో వెనక నుంచి కాస్త గుర్రుమనేది. ఎల్.ఎస్.డి. అంటే అంతేలే అనుకున్నాను. మూడో నెలలో గుర్రు తగ్గింది. సర్దుకుందని సంతోషించాను, చూడండి నా తెలివి. తొలకరి వానకి అదే గాడిలో అదే చక్రం మళ్లీ బొంగరంలా తిరిగింది. ముప్పై బస్తాల అల్లం దించి, తాళ్లు కట్టి పది మంది లాగితే గట్టెక్కాను.

విప్పితే ఆయిల్ కాఫీ డికాషన్‌లా ఉంది, అందులో సన్నటి మెరుపు. ప్లేట్లు ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద పరుస్తుంటే, బాబాయ్ దగ్గర పనిచేసే ఒడియా కుర్రాడు వేలు పెట్టి "కళంకి" అన్నాడు. ఒడియాలో తుప్పుని అలా అంటారు. నాకు మాత్రం మన తెలుగు కళంకమే వినిపించింది. సామాను ఏ వానాకాలమో ఆయిల్ లేకుండా ఆరుబయట పడుంది. నీళ్లు దూరి ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. నేను చూసిన బిగువంతా ఆ తుప్పు వల్ల వచ్చిందే. బండి నడిచాక అతుకు ఊడింది, గరుకు ఉన్నన్నాళ్లు పట్టింది, ఆ గరుకే ప్లేట్ల మీది రాపిడి పూతని (లైనింగు) చెక్కేసింది.

బాబాయ్ ఆ రోజు చూపించిన పద్ధతి ఇది. ఠక్ మనే పానా వద్దు, ముల్లున్న పానా కావాలి. లాగడం మొదలెట్టినప్పుడు ఎంత చూపిస్తోంది, నాలుగైదు చుట్లు తిప్పాక ఎంత చూపిస్తోంది, రెండూ రాసుకోవాలి. మొదట బాగా ఎక్కువుండి తర్వాత ఒక్కసారిగా పడిపోయిందంటే అనుమానించాలి. తిరిగేటప్పుడు ఆగి ఆగి కుదుపుతోందన్నా అంతే. రెండు వైపులా తిప్పి చూడాలి. అప్పుడు కూడా విప్పే చూడాలంటాడాయన. ప్లేటు అంచున పొడుచుకొచ్చి రాపిడి తగలని చెవి దగ్గర ఒక కొలత, రాపిడి పడేచోట ఒక కొలత తీస్తాడు. తేడా 0.1 మిల్లీమీటరు దాటితే పక్కన పడేస్తాడు. అద్దం మీద పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) వంపు చూస్తాడు. నీలం మచ్చ కనబడితే కాలిందని లెక్క.

నా అదృష్టం, కేస్, అంటే పై గుల్ల, బాగుంది. చెవులు కూర్చునే గాళ్లు అరగలేదు, అడ్డ పిన్ను నున్నగా ఉంది, స్పైడర్ గేర్ల పళ్లు విరగలేదు, బేరింగులు కూర్చునే చోటు చెడలేదు. ఇవి పోయుంటే మొత్తం తుక్కే. కొత్త ప్లేట్లు తెప్పించి, షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి బిళ్లలు) సరిచేసి, ఎల్.ఎస్., అంటే లిమిటెడ్ స్లిప్, అని రాసున్న గేర్ ఆయిలే పోశాం. ఆ రోజు మొదట 85 న్యూటన్ మీటర్లు చూపించింది, తిరుగుతుంటే 74. దసరా వెళ్లాక ఏటా ఒక వెనక చక్రం జాకీ మీద లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి కొలుస్తున్నాను. 41,000 కిలోమీటర్లకి మొన్న 52 వచ్చింది. ఈ అంకెలు నా బండివి. మీ బండి మాన్యువల్ ఏం చెబుతుందో అదే చూసుకోండి.

ఇంకోటి. థార్ లాంటి బండ్లకి వచ్చే ఈటన్ కంపెనీ మెకానికల్ లాకర్‌ని, అంటే రెండు చక్రాల్నీ ఒకటిగా బిగించేసే సామానుని, ఇలా చేత్తో తిప్పి చూస్తే ఏమీ తెలీదు. రెండు చక్రాల వేగంలో తేడా బాగా పెరిగితేనే అది లాక్ అవుతుంది. బిగువు లేదని దాన్ని పాడైందనుకోకండి.

ఫోర్ బై ఫోర్ దండగన్న మాట ఇప్పుడంత గట్టిగా అనను. ఒక చక్రం పూర్తిగా గాల్లో లేస్తే దీని బిగువు చాలదు, హ్యాండ్‌బ్రేక్ కాస్త లాగి పట్టుకుని కదల్చాలి. పక్కకి వాలిన తడి దారిలో రెండు చక్రాలూ కలిసి జారి బండి తోకని లోయ వైపు తీసుకెళ్తాయి. రెండుసార్లు గుండె ఆగినంత పనైంది. రోజుకి పది కిలోమీటర్ల మట్టి దారి ఉంది కాబట్టి నాకు గిట్టుబాటైంది. సాలూరు, విజయనగరం తారు మీద తిరిగేవాళ్లకి ఆ డబ్బుతో మంచి టైర్లే నయమనిపిస్తుంది.

మా బావ పోయిన వారం ఇంకోటి కొనుక్కొచ్చాడు. మా అరుగు మీద గోనె మీద ఉంది. మొదట 60, తిరుగుతుంటే 55, కుదుపు లేదు. ఇంకేం, ఎక్కించేద్దామంటున్నాడు. పానా దాచేశాను, ఆదివారం బాబాయ్ వస్తే విప్పుతాం.