లెవెళ్లు లేని ఆట ఇన్నేళ్లు ఎట్లా ఆడుతున్నామంటే: కౌంటర్ స్ట్రైక్ 1.6 మీద నా రివ్యూ

గన్ల గురించి, మ్యాపుల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. డస్ట్2 అనే మ్యాపు తెలియనివాళ్లు ఈ రివ్యూ దాకా రారు కూడా. రెండు టీమ్‌లు గన్లతో తలపడే, 2003లో వచ్చిన ఈ కంప్యూటర్ ఆటలో లెవెల్ లేదు, రోజువారీ మిషన్ లేదు, లాగిన్ అయినందుకు కానుక లేదు, అయినా మా బ్యాచ్ ఇంకా ఆడుతూనే ఉంది. మధ్యలో ఫోన్‌లో ఆడే, ఆఖరిదాకా బతికినవాళ్లే గెలిచే ఒక బ్యాటిల్ రాయల్ గేమ్‌కి అందరం వలసపోయి మళ్లీ దీనికే తిరిగొచ్చాం. ఆ గేమ్ పేరు వదిలేయండి. ఆట బాగానే ఉంటుంది, నా కోపమంతా దాని సీజన్ పాస్ మీదే.

నాది మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కల పని. యాసంగి కోతలు మొదలైతే ట్రాక్టర్లు మిల్లు ముందర లైను కడతాయి, కాంటా దగ్గర నుంచి రాత్రి ఏ టైముకి కదులుతానో నాకే తెలియదు. సరిగ్గా అప్పుడే ఆ గేమ్ కూడా సీజన్ అంటుంది. పైసలు పెట్టి కొన్న పాస్, గడువులోపు పాయింట్లు చేయకపోతే పై మెట్ల మీదున్న డ్రెస్సులు పోయినట్టే. వడ్ల తేమ చూసుకోవాలా, మిషన్లు చూసుకోవాలా? అన్నం తిని నడుం వాల్చుదామనుకునే టైముకి "ఇవాళ్టి మిషన్ మిగిలే ఉంది" అని నోటిఫికేషన్. జీతం లేని రెండో డ్యూటీ అది.

స్క్వాడ్ సంగతి ఇంకా ఘోరం. నలుగురం కలిసే దిగుతాం, కానీ ఒకడికి షాట్‌గన్‌తో చంపే మిషన్, ఇంకొకడికి బండి మీద దూరం తిరిగే మిషన్. ఒకరోజు మహబూబ్‌నగర్ మావాడు జీపేసుకుని పోతుంటే "ఏడికి పోతున్నవ్ రా, ఈడ ఫైట్ నడుస్తుంది" అని అరిచాను. "ఇంకో రెండు కిలోమీటర్లుంది మామా, అయినంక వస్త" అన్నాడు. వాడొచ్చేసరికి మేం ముగ్గురం చచ్చి బయట లాబీలో ఉన్నాం. వాడికి మాత్రం పాయింట్లొచ్చాయి.

1.6లో నెల తర్వాత వచ్చి కూర్చున్నా అందరితోపాటు ఆటలో ఇచ్చే అదే 800 డాలర్లతో మొదలు. ఎవడూ మనకంటే ముందుకి పోయి ఉండడు. ఇంకోటి, చచ్చినవాడు రౌండ్ అయిపోయేదాకా ఊరికే చూస్తూ కూర్చోవాలి. ఇది లోపం అనేవాళ్లున్నారు, నాకు అసలు మజా అక్కడే. ఒకసారి మా టీమ్‌లో దేవరకొండవాడొక్కడే మిగిలాడు. ఎట్లా చంపాడో గానీ ఎదుటి ఇద్దరినీ చంపేశాడు, ఇక వాళ్లు పెట్టిన బాంబు పేలకుండా తీసేయడం ఒక్కటే మిగిలింది, చచ్చిన మేం నలుగురం వాడి స్క్రీన్‌లోనే ఉన్నాం. "కిట్ ఉందారా?" "లేదు." కిట్ ఉంటే 5 సెకన్లలో బాంబు తీసేయొచ్చు, లేకపోతే 10. బీప్ బీప్ అని సౌండ్ దగ్గరపడుతోంది, ఒక్కడూ మాట్లాడట్లేదు, పేలిపోయింది. "200 డాలర్ల కిట్ కూడా కొనలేదా, పైసలేం చేసినవ్ రా?" అంటే "ఫ్లాష్ కొన్న" అన్నాడు. ఫ్లాష్ అంటే కళ్లు కనపడకుండా చేసే గ్రెనేడ్, దానికి రౌండ్ మొదట్లో కళ్లు పోయింది మాకే. అప్పట్నుంచి వాడు మా అందరికీ కిట్ సేటు. మొన్న వాడి చెల్లె పెండ్లిలో కూడా అదే పేరుతో పిలిచాం.

అట్లని ప్రోగ్రెషన్, అంటే ఆడేకొద్దీ ఏదో ఒకటి సంపాదించుకుంటూ పోవడం, అసలే వద్దనను. ఈ ఆటలో కూడా చంపితే 300 డాలర్లొస్తాయి, కూడబెడితే మంచి గన్ వస్తుంది, కాకపోతే ఆ సంపాదన మ్యాచ్‌తోనే పోతుంది. రివార్డుల పిచ్చి ఎంత దూరం పోతుందో 2007లో కాల్ ఆఫ్ డ్యూటీ 4 అనే ఇంకో గన్ల ఆట చూపించింది, 55వ లెవెల్‌కి చేరినవాళ్లు కొత్త బ్యాడ్జి కోసం తెరుచుకున్న గన్లన్నీ వదిలేసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాళ్లు, అదీ పదిసార్ల దాకా! మన 1.6లోనే ఎన్నో సర్వర్లలో ప్లగిన్లు (అదనపు ప్రోగ్రాములు) పెట్టి, మన ర్యాంకు చూపించే /rank, మొదటి 15 మందిని చూపించే /top15 తెచ్చుకున్నారు. సీజన్ పాస్‌ని అందరికంటే ఎక్కువ తిట్టిన మావాడే సర్వర్‌లోకి రాగానే మొదట కొట్టేది /rank.

ఇంకో సంగతి. మా చిన్నమ్మ కొడుకుని ఇందులోకి పిలిస్తే ప్రతి రౌండ్‌లో మొదట చచ్చేది వాడే. ర్యాంకు ఉన్న గేమ్ అయితే వాడి లెవెల్ వాళ్లతో కలిపేది, ఇక్కడ ఆ దిక్కు లేదు. గంట కూడా కూర్చోకుండా "మీరే ఆడుకోండన్నా" అని పోయాడు, వాడిది తప్పని నేననలేను. పైగా గ్రూపులో ఎవడో ఒకడు ఫోన్లు చేసి అందరినీ పోగుచేయకపోతే ఆదివారం కూడా ఆట సాగదు. ఫోన్ గేమ్‌కి ఆ తిప్పలు లేవు.

కాబట్టి ఎదురెదురుగా తిట్టుకునేంత చనువున్న ఐదారుగురు మీకుంటే 1.6 చాలు. ఒంటరిగా ఆడేవాళ్లకి, కొత్తవాళ్లకి నేను గట్టిగా చెప్పను. హాస్టల్లో ఉండి రాత్రిళ్లన్నీ నావే అయిన రోజుల్లో అడిగితే నేనూ పాస్ కొనమనేవాణ్ణేమో. ఇప్పుడైతే కొనను, కనీసం వానాకాలం వడ్లు దిగేదాకా.