కాయిల్ కాలిన వూఫర్: రీకోన్ చేయించాలా, వేరే డ్రైవర్ వేయాలా?

బాక్స్, పోర్ట్ (బాక్స్‌కి ఉండే గాలి రంధ్రం) ఆ డ్రైవర్ (బాక్స్‌లో బిగించే స్పీకర్ యూనిట్) కోసమే ట్యూన్ చేసి ఉంటే నా ఓటు రీకోన్‌కే. మాగ్నెట్, ఫ్రేమ్ అవే, కాయిల్, స్పైడర్ (కాయిల్‌ని మధ్యలో నిలబెట్టే ముడతల రింగ్), కోన్ మాత్రం కొత్తవి పడతాయి, ఒరిజినల్ కిట్ దొరికితే సౌండ్ దాదాపు పాతలాగే వస్తది. కాకపోతే కాయిల్ కదిలే మాగ్నెట్ గ్యాప్‌లో కాలిన ముక్క ఒక్కటి మిగిలినా కొత్త కాయిల్ గీసుకుని మళ్ళీ పోద్ది. ఫ్రేమ్ వంగి ఉంటే మాత్రం దండగే.

ఇక వేరే డ్రైవర్ అంటే చాలామంది సైజు, వాట్లు చూసి కొనేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. 98 డీబీ సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే వచ్చే సౌండ్) ఉన్న 500 వాట్లది తీసేసి 95 డీబీ, 1000 వాట్లది పెడితే మ్యాగ్జిమమ్ సౌండ్ కాగితం మీద అంతే, పైగా రెట్టింపు పవర్ ఉన్న ఆంప్ కావాలి, అంత పవర్‌కి కాయిల్‌లో పుట్టే వేడి సంగతి వేరే కథ, కాయిల్ ఉష్ణోగ్రత 150 డిగ్రీలు పెరిగితే దాని రెసిస్టెన్స్ సుమారు 60 శాతం పెరుగుద్ది, అంటే ఆంప్ నుంచి లాగే పవరే తగ్గిపోద్ది. అందుకే ఎక్కువసేపు గట్టిగా వాయించేవాళ్ళు పెద్ద కాయిల్, మాగ్నెట్ పోల్ (కాయిల్ లోపలి ఇనుప దిమ్మ) మధ్యలో గాలి రంధ్రం ఉన్నవి చూడండి. ఓమ్స్ పాతదానితో సరిపోవాలి, ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ (బాక్స్‌లో బేస్ ఎలా వస్తదో చెప్పే స్పెక్ నంబర్లు) పాతదానికి దగ్గరగా ఉండాలి, లేదంటే బేస్ గుబగుబలాడుద్ది లేదా పల్చబడుద్ది. జతలో ఒకటే పోయిందా, రీకోన్ కుదరకపోతే రెండూ మార్చేయండి.