బోటు కింది బ్రాకెట్టు: నాలుగేళ్ళు వాడాక

ఇంజనునూ షాఫ్టునూ కలిపే కప్లింగ్ బోల్టులు ఊడదీసి, ప్రొపెల్లర్‌ను తిప్పే ఆ షాఫ్టును రెండు వేళ్ళతో తిప్పితే ఎక్కడా పట్టెయ్యకుండా తిరుగుతుంది. నాలుగేళ్ళయినా నాకు ఆ ముచ్చట తీరలేదు. ఇంటికొచ్చిన చుట్టాలను గట్టు దాకా తీసుకెళ్ళి మరీ తిప్పి చూపించాను. వాళ్ళు మర్యాదకు తలూపారు. షాఫ్టు తిరగడంలో వింతేముందని వాళ్ళ అనుమానం. అంతకు ముందున్న బ్రాకెట్టుతో రెండేళ్ళు వేగిన నాకు తెలుసు ఏముందో.

మాది సూళ్ళూరుపేట. మా ఆవిడ పుట్టిల్లు పులికాట్ సరస్సు మధ్యలో ఉన్న ఇరకం దీవి. భీములవారిపాళెం నుంచి బోటెక్కాలి. ఆ రాకపోకల కోసం చెన్నైలో ఎవరో షోకుకు నడిపి వదిలేసిన పాత ఫైబర్ స్పీడు బోటు కొన్నాను. ఇంజను లోపల, అడుగు నుంచి ఏటవాలుగా బయటికొచ్చే షాఫ్టు, చివర ప్రొపెల్లర్. ఆ షాఫ్టును ప్రొపెల్లర్ దగ్గర పట్టుకునే కాలును కేటలాగులో స్ట్రట్ అంటారు. మా దగ్గర అందరూ బ్రాకెట్టే అంటారు.

మొదటిది ఒంటికాలి బ్రాకెట్టు. నీళ్ళను తక్కువ అడ్డుకుంటుంది, వేగం వస్తుందని అమ్మినాయన చెప్పాడు. అది అబద్ధం కాదు. తేడా వచ్చింది బిగింపులో. బోటు అడుగు కొంచెం వాలుగా ఉంటుంది, బ్రాకెట్టు పాదమేమో చదునుగా ఉంటుంది. మధ్యలో సందు కనిపిస్తూనే ఉంది. బోల్టులు గట్టిగా గుంజితే అదే కూర్చుంటుందని మెకానిక్ బిగించేశాడు. పాదం కూర్చుంది, బ్రాకెట్టు చివర షాఫ్టు దూరే రబ్బరు గొట్టం, అదే బుష్, పక్కకు వాలింది. ఆ వాలిన బుష్‌లోంచి వచ్చిన షాఫ్టుకే ఇంజనును సరిపెట్టాడు. కప్లింగ్ దగ్గర కొలత బాగానే వచ్చింది, రబ్బరు బుష్ మాత్రం ఒకే పక్క అరగడం మొదలుపెట్టింది. కాస్త వేగం పెంచితే చాలు, స్టీరింగు మీద చేతులు జివ్వుమనేవి. ఏడాదికో బుష్. రెండో ఏడు బోల్టుల పక్కనుంచి నీళ్ళు ఊరాయి. విప్పి చూస్తే ఫైబర్ పొరల మధ్య ఉన్న ప్లైవుడ్ చీకిపోయి వేలితో తవ్వితే వస్తోంది.

2021 వేసవిలో బోటు గట్టుకెక్కించాను. ఈసారి రెండు కాళ్ళది, మాంగనీస్ బ్రాంజ్‌ది తీసుకున్నాను. రెండు కాళ్ళు వీ ఆకారంలో విచ్చుకుని రెండు చోట్ల ఆనుకుంటాయి కాబట్టి పక్కకు వచ్చే తోపుడుకు ఊగదు. ఒకసారి చీకిన అడుగు కదా, నాకు వేగం కంటే అదే ముఖ్యమనిపించింది.

బిగించడానికి చెన్నై కాశిమేడు నుంచి ఒక పెద్దాయనను పిలిపించాను. ఆయన వచ్చీ రాగానే బ్రాకెట్టు వంక చూడలేదు. ముందు చీకిన ప్లైవుడ్డంతా తవ్వించి, ఆ చోటంతా ఫైబర్ పొరలతో, ఎపాక్సీ జిగురుతో గట్టిగా నింపించాడు. బోల్టు పడే చోట మధ్యలో చెక్క ఉండకూడదట, ఉంటే బిగించినప్పుడు నలిగి నీళ్ళకు దారి ఇస్తుందట. తర్వాత షాఫ్టును, అది అడుగు నుంచి బయటికొచ్చే గొట్టం నడిమధ్యలో చెక్క మేకులతో నిలబెట్టాడు. దానికి బ్రాకెట్టును తొడిగి ఊరికే వేలాడదీశాడు. పాదాల కింద ఒక మూల అగ్గిపుల్ల దూరేంత సందు, ఇంకో మూల వేలు పట్టేంత సందు. నేను స్పానర్ అందుకుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"గుంజొద్దు నాయనా. సందుంటే సందు నింపు."

పాదాలకు మైనం పూసి, కింద చిక్కటి ఎపాక్సీ ముద్ద పెట్టి, బోల్టులు వేలితో తగిలీ తగలనట్టు తిప్పి వదిలేశాడు. మరుసటి రోజు అది రాయిలా గట్టిపడ్డాక, మైనం ఉంది కాబట్టి బ్రాకెట్టు శుభ్రంగా ఊడొచ్చింది. దాని పాదానికి అచ్చుగుద్దినట్టు పీట తయారైంది. అప్పుడు సీలెంట్ రాసి, లోపలి వైపు వెడల్పాటి ప్లేటు వేసి బిగించాం. బిగించాక కూడా షాఫ్టు రెండు వేళ్ళతో తిరిగింది. డబ్బులివ్వడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఇంజను సరిపెట్టడం మాత్రం గట్టు మీద చెయ్యనివ్వలేదు. నీళ్ళలోకి దిగాక బోటు అడుగు కొద్దిగా సర్దుకుంటుంది కాబట్టి రెండు రోజులు తేలనిచ్చి, అప్పుడు కప్లింగ్ సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టాడు. నాలుగంగుళాల ఫ్లాంజికి, అంటే కప్లింగ్ బిళ్ళకు, చుట్టూ ఎక్కడ చూసినా నాలుగు థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) కంటే తేడా రాకూడదని లెక్క. మూడు దగ్గర ఆగింది.

ఇక 2024 సంక్రాంతి సంగతి. అప్పటికి మా జిల్లా నెల్లూరు నుంచి తిరుపతికి మారి రెండేళ్ళు కావస్తోంది, అత్తగారింటి దారి మాత్రం మారలేదు. పిల్లలు, రెండు డబ్బాల అరిసెలు, నేను, మా ఆవిడ. దీవి కనిపిస్తుండగా ఇంజను గొంతు బరువెక్కింది. థ్రాటిల్ తగ్గించేలోపే ఆగిపోయింది. కర్రలకు కట్టిన నైలాన్ వల మీదుగా వచ్చేశాను. ఎండ కళ్ళలో పడి కర్ర కనపడలేదు, తప్పు నాదే.

పులికాట్‌లో ఒక సుఖం, చాలా చోట్ల దిగి నిలబడొచ్చు. నడుము లోతు నీళ్ళు, మోకాలి దాకా బురద. చెయ్యి పెట్టి తడిమితే ప్రొపెల్లర్‌కూ బుష్‌కూ మధ్య వల చుట్టుకుపోయి, రాపిడికి కరిగి లక్కముద్దలా గట్టిపడింది. బుష్ లోపలి గాడుల్లోంచి నీళ్ళు పోతేనే దానికి చల్లదనం. ఆ దారులన్నీ మూసుకుపోయాయి. చేపలు కోసే కత్తితో గంటసేపు కోశాను. పైనుంచి మా చిన్నోడు అరిసెలు తింటూ సలహాలిచ్చాడు. చివరికి వల సొంతదారే తన పడవకు తాడు కట్టి లాక్కెళ్ళాడు. వలకు డబ్బులిచ్చాను, ఆయన అడగకముందే.

పండగయ్యాక ప్రొపెల్లర్ విప్పి, బ్రాకెట్టు పక్కన బుష్‌ను పట్టి ఉంచే రెండు గ్రబ్ స్క్రూలు వదులు చేశాను. కాలిన బుష్ బయటికొచ్చింది. పాతదానికైతే సుత్తితో కొట్టి, చివరికి రంపంతో కోసి తియ్యాల్సొచ్చింది. కొత్త బుష్ వేసి, ప్రాణం ఉగ్గబట్టుకుని కప్లింగ్ దగ్గర గేజ్ పెట్టాను. అదే మూడు. అంత పట్టేసినా కాలు ఇసుమంత కదల్లేదు, లోపల బోల్టుల దగ్గర తడి లేదు.

అయితే రెండు కాళ్ళదాన్ని మరీ పొగిడెయ్యలేను. కాళ్ళ మధ్య నాచు ఒంటికాలి కంటే ఎక్కువ పడుతుంది, రెండు మూడు ట్రిప్పులకోసారి దిగి పీకాలి. వల అంత దారుణంగా చుట్టుకోవడంలో నా పొరపాటూ ఉంది. ప్రొపెల్లర్‌ను బుష్‌కు దూరంగా వదిలాను. ఆ సందు షాఫ్టు మందం కంటే ఎక్కువ ఉండకూడదు, నాది దాదాపు రెట్టింపు ఉంది. ఇప్పుడు దగ్గరికి జరిపాను. పై వేగం కూడా కొంచెం పోయింది. ఇరకానికి పోయేవాడికి అది పట్టదు, సముద్రంలో పరుగులు తీసేవాళ్ళకు పట్టొచ్చు.

కొన్న కొత్తలో తుప్పు బాధ లేదని నలుగురికీ చెప్పాను. ఆ మాట కాస్త వెనక్కి తీసుకుంటున్నాను. మాంగనీస్ బ్రాంజ్ అని పేరే గాని అందులో జింకు బాగా ఉంటుంది, ఒకరకంగా ఇత్తడి జాతే. వేసవిలో ఇక్కడి నీళ్ళు ఉప్పెక్కాక, బ్రాకెట్టు బదులు తను కరిగేందుకు కట్టిన జింకు ముక్క అరిగిపోయినా నేను చూసుకోలేదు. దాంతో లోహంలోని జింకే కరిగింది. మొన్న గీకి చూస్తే ఎడమ కాలు మీద అరచేయంత మేర గులాబీ రంగు. అక్కడ బలం తగ్గుతున్నట్టే లెక్క.

నాలాగా వారానికో రెండుసార్లు, లోతు లేని నీళ్ళలో, పిల్లాపాపలతో తిరిగేవాళ్ళయితే రెండు కాళ్ళదే తీసుకోమంటాను, పెద్దాయన లాంటి చెయ్యి దొరికితేనే. దొరక్కపోతే ఏ బ్రాకెట్టయినా నా మొదటిదానిలాగే ఏడిపిస్తుంది. గులాబీ రంగు చూసిన రోజే నికెల్ అల్యూమినియం బ్రాంజ్‌ది ఎంతవుతుందో ఫోన్ చేసి అడిగాను. ధర విన్నాక రెండు జింకు ముక్కలు కొనుక్కుని ఇంటికొచ్చాను.