కడప లాడ్జిలో జనరేటర్, జమ్మలమడుగు ఇంట్లో చిన్న బ్యాటరీ

కడపలో మేం దిగిన లాడ్జి మీద కోపం ఇంకా తగ్గలేదు. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఊళ్ళు తిరుగుతూ పని చేసుకునేవాళ్ళు ఇప్పుడు మన వైపు కూడా కనిపిస్తున్నారు. సంక్రాంతి తరవాత ఎండలు ముదరక ముందు కడప, గండికోట చూద్దామనుకునేవాళ్ళు అట్లాంటి చోట చిక్కుకోకూడదని ఇది రాస్తున్నాను.

మాది కర్నూలు. నేను నెదర్లాండ్స్‌లోని ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. చలికాలంలో వాళ్ళ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. వాళ్ళకు పొద్దున తొమ్మిదంటే నాకు మధ్యాహ్నం ఒకటిన్నర, పని ముగిసేసరికి రాత్రి పది. తిరగడానికి ఇంతకంటే మంచి షిఫ్టు దొరకదు. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా మనదే. ఈసారి మా ఆయన మెడికల్ షాపును తమ్ముడికి అప్పజెప్పాడు. దేవుని కడప, ఒంటిమిట్ట చూడాలని ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్న అత్తమ్మను కూడా కార్లో ఎక్కించుకున్నాం. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప దాకా రోడ్డు బాగుంది, ఏ ఇబ్బందీ లేదు.

ఇక లాడ్జి. గది మాట్లాడుకునేటప్పుడే ఫోన్లో అన్నీ అడిగాను. వైఫై ఉందా, గదిలోకి వస్తుందా, కరెంటు పోతే ఏంటి పరిస్థితి, కూర్చుని రాసుకోవడానికి టేబుల్ ఉందా. "హై స్పీడ్ వైఫై మేడం, జనరేటర్ ఉంది, ఫుల్ బ్యాకప్" అన్నారు. రాత్రికి 2,200, మొత్తం అడ్వాన్సు. యూపీఐలో కట్టేశాం.

రూటర్ కింద రిసెప్షన్‌లో ఉంది. మా గది మూడో అంతస్తు. కింద నిలబడి స్పీడ్ టెస్ట్ చేస్తే 60 చూపించింది, గదిలో రెండు కూడా దాటలేదు. టేబుల్ అంటే టీవీ కింద బల్ల. కుర్చీ ప్లాస్టిక్‌ది, అది కూడా అడిగాక తెచ్చిచ్చారు. సరే, వాకిలి దగ్గరికి కుర్చీ జరుపుకుంటే కాస్త మేలుగా వస్తోంది కదా అని పని మొదలుపెట్టాను.

మూడు గంటలకు కరెంటు పోయింది. జనరేటర్ వెంటనే అందుకుంది. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, లిఫ్టు కూడా నడిచింది. నెట్టు మాత్రం రాలేదు. అప్పుడు నేను మీటింగులో స్క్రీన్ చూపిస్తూ, కొత్త వెర్షన్‌లో దొరికిన తప్పును అవతలి వాళ్ళకు వివరిస్తున్నాను. ఆ సాయంత్రమే దాన్ని విడుదల చేయాలి. మాట మధ్యలో తెగిపోయింది. పరిగెత్తుకుంటూ కిందికి వెళ్తే రూటర్ మీద ఒక్క దీపం కూడా లేదు. రిసెప్షన్‌లో ఉన్న పిల్లోడు, పాపం, ఉన్నదున్నట్టు చెప్పాడు: "జనరేటర్ లైన్ లైట్లకు, ఫ్యాన్లకే అక్కా. ఈ ప్లగ్గుకు రాదు."

రూటర్ వైరును పక్కనున్న జనరేటర్ ప్లగ్గుకు మార్చితే అయిపోయే పని. అదే అడిగాను. మేనేజర్ వచ్చి ఒప్పుకోలేదు. "వైఫై ఫ్రీగా ఇస్తున్నాం మేడం, ఫ్రీగా ఇచ్చేదానికి గ్యారంటీ ఎట్ల ఇస్తాం?" అన్నాడు. ఫ్రీ అని ఫోన్లో ఎవరు చెప్పారు? హై స్పీడ్ అని, ఫుల్ బ్యాకప్ అని చెప్పే కదా 2,200 తీసుకున్నారు! ఆ వైఫై లేని గది అయితే నేను అడ్వాన్సు కట్టేదాన్నే కాదు. మిగిలిన రాత్రుల డబ్బు తిరిగివ్వమంటే, అడ్వాన్సు వెనక్కివ్వడం వాళ్ళ పద్ధతిలో లేదట.

రాత్రి పది దాకా ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చాను. వీడియో మీటింగు గంటకు దాదాపు ఒక జీబీ తింటుంది, నా ఫోన్లో రోజుకు రెండు జీబీలే. అది అయిపోయాక మా ఆయన ఫోన్, అదీ అయిపోయాక డేటా ప్యాక్. మీటింగు ఎప్పుడు తెగుతుందోనన్న టెన్షన్‌తో నా మొహం చూడలేక అత్తమ్మ కింద గుమ్మం దగ్గర కూర్చుంది. "ఇంట్లో ఉన్నా ఇంత బాధ లేదు కదమ్మా" అని ఆమె అంటుంటే, తనను తీసుకురావడం వల్లే నాకు ఇబ్బందేమో అనుకుంటోందని అర్థమై ఇంకా బాధేసింది.

గది ఖాళీ చేసేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. బిల్లులో జీఎస్టీ 12 శాతం వేశారు. రోజుకు 7,500 లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. చాలా మందులకు కూడా అదే రోజు 12 నుంచి 5కి తగ్గింది కాబట్టి ఆ తేదీ మా ఆయనకు బాగా గుర్తు. షాపులో ఆ వారమంతా పాత స్టాకు ధరలు మార్చడమే పని. 2,200 మీద 264 వేశారు, వేయాల్సింది 110. అంటే రాత్రికి 154 రూపాయలు ఎక్కువ. "కంప్యూటర్లో అట్లే వస్తాది సార్" అన్నాడు మేనేజర్. మామూలుగా ఎవరితోనూ గొంతు పెంచని మనిషి మా ఆయన. ఆ రోజు కౌంటర్ ముందే నిలబడి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కలుపుతానన్నాడు. రింగ్ కాకముందే కొత్త బిల్లు వచ్చింది. లాడ్జి బిల్లులో ఆ గడి ఒకసారి చూసుకోండి. పాత రేటుతో వసూలు చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఒంటిమిట్ట, దేవుని కడప, పెద్ద దర్గా మూడూ ప్రశాంతంగా చూశాం. కడపలో మర్చిపోలేనిది కారం దోసె. ఎర్ర కారం, పైన పప్పుల పొడి, పక్కన బొంబాయి చట్నీ. అత్తమ్మ రెండోది అడిగి తినింది.

అంతకు ముందు చలికాలం నేనూ మా ఆయనా థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఇట్లాగే ఉండి పని చేశాం. అక్కడ మనకంటే గంటన్నర ముందు కాబట్టి నా పని మధ్యాహ్నం మూడుకు మొదలై రాత్రి పదకొండున్నరకు ముగిసేది. పొద్దున దోయ్ సుతేప్ కొండ మీద గుడి, మధ్యాహ్నం నూడుల్స్, ఆ తర్వాత పని. నెలకు అద్దె 14,000 బాట్లు, కరెంటు యూనిట్‌కు 7 బాట్ల చొప్పున వేరే. అడ్వాన్సు పంపకముందే ఆ ఇంటామె గదిలో కూర్చుని తీసిన స్పీడ్ టెస్ట్ ఫోటో, టేబుల్ ఫోటో, ప్లగ్గులు ఎక్కడెక్కడ ఉన్నాయో చిన్న వీడియో పంపింది. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా అక్కడి ఇమిగ్రేషన్‌కు ఇంటి యజమాని తెలియజేయాలి. అది కూడా మేం అడగకుండానే చేసి కాగితం చేతిలో పెట్టింది. ఎక్కువ కాలం ఉండి పని చేసుకోవాలనుకునేవాళ్ళ కోసం థాయ్‌లాండ్ 2024లో డీటీవీ అనే వీసా తెచ్చింది. ఐదేళ్ళు చెల్లుతుంది, వెళ్ళిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. కాకపోతే ఖాతాలో ఐదు లక్షల బాట్లు చూపించాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం ఆ ఊరికి వెళ్ళొద్దు. చుట్టుపక్కల పొలాలు, అడవులు తగలబెట్టే పొగతో కళ్ళు మండుతాయి.

ఆ ఇంటామె చేసిన పని కడపలో ఎవరైనా చేయగలరు. దానికి విదేశీ నెట్టేమీ అక్కర్లేదు. జమ్మలమడుగులో అది కళ్ళారా చూశాం.

ఆదివారం గండికోట చూసి, జమ్మలమడుగులో ఒక మెస్సులో భోజనం చేస్తున్నాం. రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి, నాటుకోడి పులుసు, ముగ్గురికీ కలిపి 540. మర్నాడు పని ఎక్కడ చేయాలా అని నేను దిగాలుగా ఉంటే, మెస్సు నడిపే ఆమె విషయమేంటని అడిగింది. చెప్పాను. రిటైరైన సార్ ఒకాయన ఇంటి మీద గది ఉందని చెప్పి, తన కొడుకును తోడిచ్చి పంపింది.

సార్ నన్ను మొదట అడిగిన ప్రశ్న ఇది: "మీకు వీడియో మీటింగులు ఉంటాయా, లేకపోతే ఊరికే మెయిల్స్ చూసుకునే పనా?" ఇన్నేళ్ళలో ఇల్లిచ్చేవాళ్ళెవరూ నన్ను ఆ మాట అడగలేదు. కొవిడ్ అప్పుడు ఆయన కొడుకు బెంగళూరు నుంచి వచ్చి ఆ గదిలోనే పని చేశాడట. ఆ గదిలో వాడి టేబుల్, నడుముకు ఆనుకునే కుర్చీ అట్లే ఉన్నాయి. గోడ మీద ఫైబర్ పెట్టె, రూటర్, వాటి వెనక అరచేతిలో పట్టేంత బ్యాటరీ. రూటర్లకనే అమ్మే చిన్న యూపీఎస్ అది, ధర 1,200 దాకా ఉంటుంది. "కరెంటు పోతే పోతాదమ్మా, నెట్టు మాత్రం పోదు" అన్నారు సార్.

పోలేదు. మర్నాడు సాయంత్రం కరెంటు పోయి చాలాసేపు రాలేదు. నేను చీకట్లో ల్యాప్‌టాప్ వెలుగులో మీటింగు పూర్తి చేశాను, అవతలి వాళ్ళకు తెలియను కూడా తెలియలేదు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు వీధిలో కనబడితే ఇదెట్లా అని అడిగాను. అతను చెప్పింది మీకూ పనికొస్తుంది. ఫైబర్ తీగలో పోయేది వెలుతురు. వాళ్ళ లైన్లో ఆఫీసు నుంచి ఇంటి దాకా మధ్యలో కరెంటు అవసరమయ్యే పెట్టె ఏదీ లేదు. ఆ చివర వాళ్ళ ఆఫీసులో బ్యాటరీలు ఉండి, ఈ చివర మన ఇంట్లో పెట్టెకూ రూటర్‌కూ రెండింటికీ బ్యాటరీ ఉంటే ఊరంతా చీకటైనా నెట్టు నడుస్తుంది. రెండూ విడివిడిగా ఉన్నచోట ఒక్కదానికే పెడితే లాభం లేదు.

గది రోజుకు 900, భోజనం మనిషికి 120. మేడమ్‌గారు పొద్దున ఉగ్గాని చేసి మిరపకాయ బజ్జీలతో పైకి పంపేవారు, దానికి లెక్క వేయలేదు. అత్తమ్మకు ఆమెతో స్నేహం కుదిరింది. నాలుగు మెట్లు కిందికి దిగి అక్కడే కూర్చునేది, ఇంటికి పోదామన్న మాటే ఎత్తలేదు.

పొద్దున్నే గండికోట, పదిహేను కిలోమీటర్లు. సూర్యోదయానికి పెన్నా లోయ అంచుకు చేరుకోవడం, మాధవరాయ స్వామి గుడి, ధాన్యాగారం, జామియా మసీదు తీరిగ్గా చూసుకోవడం, పదకొండుకల్లా తిరిగొచ్చి స్నానం, భోజనం, పని. ఒకరోజు సరిపోక మళ్ళీ వెళ్ళాం. లోయ అంచున నా సిమ్‌కి సిగ్నల్ బొత్తిగా లేదు, మా ఆయన సిమ్‌కి కొద్దిగా వచ్చింది. వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు ఉంచుకోండి. కోట దగ్గర కూర్చుని మీటింగులో పాల్గొనవచ్చని మాత్రం అనుకోవద్దు. లోయ అంచుకు గోడ లేదు, కంచె లేదు, ఫోన్ చూస్తూ నడిచే చోటు కాదది.

బేలుం గుహలు సెలవు రోజుకే పెట్టుకోండి. టికెట్లు పది తరవాతే ఇస్తారు, వెళ్ళి చూసి ఒకటిన్నరకు పనిలో కూర్చోవడం జరగదు. గుహ పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది కిలోమీటరున్నర దాకా. లోపల ఉక్కపోత, మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను దింపొద్దు. అత్తమ్మ బయటే చెట్టు కింద ఉండిపోయింది, మా ఆయన ఆమెకు తోడుండి లోపలికి రాలేదు. తిరుగుదారిలో తాడిపత్రిలో ఆగి బుగ్గ రామలింగేశ్వర గుడిలో రాతి పని చూశాక ఆయన మళ్ళీ మామూలు మనిషయ్యాడు.

మీరు గది మాట్లాడుకునేటప్పుడు వైఫై ఉందా అని అడిగి ఊరుకోవద్దు. రూటర్ ఏ అంతస్తులో ఉంది, జనరేటర్ వేస్తే అది వెలుగుతుందా అని అడగండి, మీకిచ్చే గదిలోనే స్పీడ్ టెస్ట్ తీసి ఫోటో పంపమనండి. పంపనంటే ఒక్క రాత్రికే కట్టండి. సార్ వాళ్ళింటికి బోర్డు లేదు, ఏ యాప్‌లోనూ దొరకదు, ఉన్నది ఒకటే గది. జమ్మలమడుగులో భోజనం చేసినచోట అడిగితే అట్లాంటి ఇళ్ళ గురించి చెప్తారు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ గది వద్దు. పైకప్పు నేరుగా ఎండకు కాగుతుంది, ఏసీ లేదు.