పెద్ద బుడగల ద్రావణం: కొన్న సీసా, కలిపిన బకెట్టు

మనిషంత బుడగలు వస్తాయని పెట్టె మీద బొమ్మ వేసి అమ్మే కిట్ ఒకటి మా పిల్లలకు కానుకగా వచ్చింది. తొమ్మిదేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి కలిసి దానిని విప్పి, సీసా ఖాళీ చేసి, ఇంకా కావాలని నా దగ్గరికి రావడానికి అరగంట కూడా పట్టలేదు. ఆ తరువాత కొన్ని వారాల పాటు సెలవు రోజుల్లో ఇంట్లోనే ద్రావణం కలిపి, మూడు రకాల మిశ్రమాలను పరీక్షించి చూశాము. అందువల్ల ఈ సమీక్షలో కొన్న కిట్ గురించి కొంచెమే ఉంటుంది, బకెట్టులో కలుపుకున్న దాని గురించే ఎక్కువగా ఉంటుంది.

ముందుగా కిట్ సంగతి. సీసాలోని ద్రావణం నాసిరకమేమీ కాదు, మొదటి పది నిమిషాలలోనే మా అమ్మాయి తన తలకాయకు రెండింతలున్న బుడగ ఒకటి వదిలింది. లోపమంతా మిగిలిన సామగ్రిలో ఉంది. కర్రలు మరీ పొట్టివి కావడం వల్ల పిల్లలు చేతులు ఎంత చాచినా వాటి మధ్య కట్టిన దారపు ఉచ్చు విచ్చుకోలేదు. వాటికి కట్టినది నునుపైన నైలాన్ దారం కావడం వల్ల అది ద్రావణాన్ని పీల్చుకోలేదు, ముంచి తీసిన వెంటనే అంతా కారిపోయింది. పళ్ళెం లోతు తక్కువగా ఉండి, ప్రతిసారీ దారం అడుగున రుద్దుకుని నురగ రేగింది. ఇచ్చిన కొద్దిపాటి ద్రావణంలో సగం పళ్ళేనికే అంటుకుని వృథా అయింది. కర్రలు ఒక రకంగా పనికొచ్చాయి, ఎలా ఉండకూడదో తెలుసుకోవడానికి.

ఇంట్లో కలిపిన మొదటి మిశ్రమం అందరూ చెప్పేదే: నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, కొంచెం పంచదార. బుడగలు వచ్చాయి గాని అవి కొబ్బరికాయంత అయ్యేసరికి పగిలిపోయాయి. సబ్బు ఎక్కువ పోస్తే బుడగ గట్టిపడుతుందని మావాడు పట్టుబట్టి మరో రెండు మూతలు పోయించాడు. పెద్దవాళ్ళలో కూడా చాలామంది అనుకునేది అదే. నిజానికి సబ్బు నీటిని గట్టిపరచదు, దాని బిగువును సడలిస్తుంది. మామూలు నీటి తలతన్యత, అంటే పైపొర బిగువు, గది ఉష్ణోగ్రత దగ్గర మీటరుకు 72 మిల్లీన్యూటన్ల ప్రాంతంలో ఉంటే, సబ్బు కలిపిన తరువాత అది సుమారుగా మూడో వంతుకు పడిపోతుంది. ఆ సడలింపు ఉంటేనే నీరు చుక్కగా ముడుచుకుపోకుండా పొరగా పరుచుకుంటుంది. పొరలో ఎక్కడైనా పలచబడితే అక్కడ సబ్బు అణువులు చెదిరి బిగువు పెరుగుతుంది, ఆ బిగువు చుట్టుపక్కల ద్రవాన్ని తనవైపు లాగి లోటును పూడుస్తుంది. ఇంతవరకు సబ్బు పని. అయితే ఈ పని కొద్ది సబ్బుతోనే పూర్తవుతుంది, అంతకు మించి పోసినది నురగకే ఉపయోగపడుతుంది. మావాడు పోయించిన రెండు మూతల వల్ల బకెట్టు మీద జానెడు నురగ లేచింది, దారం ఆ నురగలోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ పొర విచ్చుకోకముందే తెగిపోయింది.

రెండో మిశ్రమంలో పంచదారకు బదులు గ్లిజరిన్ వాడాము. గ్లిజరిన్ గాలిలోని తేమను పట్టి ఉంచి పొర ఆరిపోవడాన్ని ఆలస్యం చేస్తుంది కనుక, ఊదుడు గొట్టంతో చేసే చిన్న బుడగలు మునుపటికంటే ఎక్కువసేపు నిలిచాయి. పెద్దవాటికి మాత్రం అది చాలలేదు. ఎక్కువసేపు నిలవడం వేరు, ఎక్కువ దూరం సాగడం వేరని ఆ రోజు నాకు స్పష్టంగా అర్థమయింది.

సాగే గుణాన్ని ఇచ్చేది పొడవైన గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం. మూడో మిశ్రమంలో మేము వాడిన గ్వార్ గమ్ అటువంటిదే. ఇది గోరుచిక్కుడు గింజల నుంచి తీసే తెల్లటి పొడి. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త జస్టిన్ బర్టన్, బార్సిలోనాలో వీధి ప్రదర్శకుడొకరు పెద్ద పెద్ద బుడగలు వదలడం చూసి, అంత పలచటి పొర అంత దూరం ఎలా సాగుతోందన్న ప్రశ్నతో తన బృందంతో కలిసి పరిశోధన చేశారు. దాని ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఈ పొడవైన అణువులు ఒకదానితో ఒకటి చిక్కుపడి పొర తెగకుండా పట్టి ఉంచుతాయనీ, అన్నీ ఒకే పొడవు ఉన్నప్పటికంటే పొట్టివీ పొడవువీ కలిసి ఉన్నప్పుడు పొర ఇంకా బలంగా ఉంటుందనీ వారు తేల్చారు. జుట్టు చిక్కుపడితే దువ్వెన దిగనట్టు, ఆ అణువుల చిక్కు పొరను తొందరగా తెగనివ్వదని మా అమ్మాయికి చెబితే, రోజూ తల దువ్వించుకునే ఆ పిల్లకు మరో వివరణ అవసరం లేకపోయింది.

ఆ బృందం ఇచ్చిన కొలతలనే మేము పాటించాము: ఒక లీటరు నీటికి 50 మిల్లీలీటర్ల డిష్‌వాష్ లిక్విడ్, 2 నుంచి 3 గ్రాముల గ్వార్ గమ్, 50 మిల్లీలీటర్ల రబ్బింగ్ ఆల్కహాల్, 2 గ్రాముల బేకింగ్ పౌడర్. ఇక్కడ ఒక చిన్న మార్పు చేసుకున్నాను. రబ్బింగ్ ఆల్కహాల్ అంటే స్పిరిట్, ఇట్టే నిప్పంటుకునే గుణం ఉన్నది, దాని ఆవిరి కూడా పిల్లలకు మంచిది కాదు, కాబట్టి పొడిని తడపడానికి నేను గ్లిజరిన్ వాడాను. ఆల్కహాల్ గాని గ్లిజరిన్ గాని ఇక్కడ చేసే పని ఒకటే, పొడి రేణువులను నీరు తగలకముందే విడదీయడం. ఈ మెట్టు అనవసరమనిపించి మొదటిసారి నేను పొడిని నేరుగా నీళ్ళలో చల్లాను. క్షణాలలో అది పైన తడిసి లోపల పొడిగా ఉన్న ఉండలుగా కట్టింది, ఎంత గిలకొట్టినా కరగలేదు, చివరికి వాటిని జల్లెడలో వడగట్టి పారేయవలసి వచ్చింది. రెండోసారి చిన్న గిన్నెలో గ్లిజరిన్, గ్వార్ గమ్ కలిపి జారుడు ముద్దలా చేసి, దానిని సన్నటి ధారగా నీళ్ళలో వేస్తూ మెల్లగా కలిపితే ఒక్క ఉండ కూడా కట్టలేదు. పది నిమిషాలు తిప్పి కాసేపు వదిలేస్తే నీరు పలచటి గంజిలా చిక్కబడింది. బేకింగ్ పౌడర్, ఆ తరువాత అన్నిటికంటే చివర డిష్‌వాష్ లిక్విడ్ వేయాలి. బేకింగ్ పౌడర్ ద్రావణపు ఆమ్ల క్షార స్థితిని సర్దడానికి వేసేది కనుక దానికి బదులు వంట సోడా వేస్తే సరిపోదు, రెండూ ఒకటి కావు.

పిల్లలతో కలిసి చేసేటప్పుడు అన్నిటికంటే కష్టమైన మెట్టు కొలతలలో లేదు, ఆగడంలో ఉంది. లిక్విడ్ వేశాక గిలకొట్టకూడదు, గరిటెను అడుగు నుంచి తీసి వృత్తంగా తిప్పాలి. మూత పెట్టి ఒక రాత్రి వదిలేస్తే నురగ అణిగి, పొడి పూర్తిగా నానుతుంది.

‘‘ఇప్పుడే కలిసిపోయిందిగా అమ్మా, రేపటిదాకా ఎందుకు?’’ అన్నాడు మావాడు.

‘‘పొడి ఇంకా నీళ్ళు తాగుతోంది నాన్నా, తాగనీ,’’ అన్నాను.

వాడు నమ్మలేదు. పడుకునే ముందు రెండుసార్లు మూత తీసి తొంగి చూశాడు. అందుకని ఒక చిన్న గ్లాసెడు ద్రావణం వాడికి అప్పుడే ఇచ్చి, మిగిలినది మరునాటికి ఉంచాను. ఈ ఏర్పాటు వల్ల మరో మేలు జరిగింది: నానని ద్రావణానికీ నానినదానికీ తేడా వాడే కళ్ళారా చూశాడు, ఆ తరువాత ఎప్పుడూ తొందరపెట్టలేదు.

దారం విషయంలో కూడా అంతే శ్రద్ధ అవసరం. ద్రావణం ఎంత బాగున్నా దారం దానిని మోయలేకపోతే శ్రమ వృథా. మేము ఇల్లు తుడిచే మాపుకు వాడే లాంటి మెత్తటి నూలు తాడు తీసుకుని, రెండు కర్రల కొసల మధ్య 60 సెంటీమీటర్ల తాడు ఒకటి, దాని కింద వేలాడేలా 120 సెంటీమీటర్ల తాడు మరొకటి కట్టి, కింది తాడు మధ్యలో బరువు కోసం ఒక వాషర్ గుచ్చాము. కర్రలు దూరంగా పట్టుకుంటే ఇది త్రికోణంగా తెరుచుకుంటుంది. కొత్త తాడును ఒకసారి ద్రావణంలో బాగా నానబెట్టి పిండిన తరువాతనే వాడాలి, లేకపోతే మొదటి నాలుగైదు ప్రయత్నాలు తాడును తడపడానికే సరిపోతాయి.

మరునాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, బయటికి వెళ్ళాము. ముందురోజు వాన పడి గాలిలో తేమ ఉంది, ఆకు కూడా కదలనంత నిశ్చలంగా ఉంది. పొడిగాలి పొరలోని నీటిని పీల్చేస్తుంది, ఎండ కూడా అంతే, ధూళి అయితే తాకగానే చిల్లు పెడుతుంది. వాన వెలిసిన వేళకు మించిన మంచి వేళ ఈ ఆటకు లేదు. కర్రలు దగ్గరగా ఉంచి తాడును ముంచి, పైకి తీసి, మెల్లగా విప్పుతూ వెనక్కి నడవాలి. ఊదకూడదు, విసరకూడదు. మావాడు మొదట బ్యాట్ తిప్పినట్టు తిప్పి మూడుసార్లు పొరను చింపుకున్నాడు. వాళ్ళ అక్క వెనక నుంచి వాడి మోచేతులు పట్టుకుని నాలుగడుగులు వెనక్కి నడిపించాక ఒక పొడవాటి గొట్టం లాంటిది బయలుదేరి, కర్రలు కలపగానే తెగి, ఊగుతూ గుండ్రబడి, వాడి కంటే పెద్దదై తేలింది. 2015లో గ్యారీ పెర్ల్‌మాన్ అనే ఆయన అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 96.27 ఘనమీటర్ల బుడగ వదిలి గిన్నిస్ రికార్డు సాధించాడని చెబితే, ‘‘అది మన గదిలో పడుతుందా?’’ అని అడిగాడు. మన గదే అందులో పడుతుందని చెప్పాను.

ఈ ద్రావణంతో నాకు అన్నిటికంటే నచ్చింది పరిమాణం కాదు. తాడు మీద పొరను కదపకుండా నిలువుగా పట్టుకుని చూస్తే, ద్రవం కిందికి జారుతున్న కొద్దీ గులాబీ, ఆకుపచ్చ రంగుల అడ్డపట్టీలు పై నుంచి కిందికి దిగుతాయి. పొర మందం కాంతి తరంగాల పొడవుతో పోల్చదగినంత తక్కువ, అంటే వెంట్రుక మందంలో సుమారు నూరో వంతు కావడం వల్ల, ముందు ముఖం నుంచి, వెనక ముఖం నుంచి వెనుదిరిగిన కాంతి ఒకదానితో ఒకటి కలిసి ఈ రంగులు పుడతాయి. చివరికి పై అంచున రంగులన్నీ మాసి, వెండిలా తెల్లబడి, ఆ తరువాత ఏమీ లేనట్టు నల్లటి మచ్చ ఒకటి కనిపిస్తుంది. అక్కడ పొర ఎంత పలచబడిందంటే, రెండు ముఖాల నుంచి వచ్చిన కాంతి ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. న్యూటన్ అంతటివాడు కూర్చుని పరిశీలించిన మచ్చ అది. మా అమ్మాయి దానికి ‘చిల్లు’ అని పేరు పెట్టి, అది కనబడగానే ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎంత లెక్కకు పగులుతుందో చెప్పుకునే పందెం బుడగల కంటే ఎక్కువసేపు సాగింది.

లోపాలు కూడా చెప్పాలి. డిష్‌వాష్ లిక్విడ్ అన్నీ ఒకే రకంగా పనిచేయవు. ఎమరీ బృందం వాడినది డాన్ ప్రొఫెషనల్ అనే బ్రాండు. మా దగ్గరున్న వాటిలో జెల్‌లా చిక్కగా ఉన్నది ఒకటి ఎంత కొలిచి వేసినా మంచి పొర ఇవ్వలేదు, మామూలు పలచటిది ఇచ్చింది. ఉప్పునీళ్ళు, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీళ్ళు అయితే డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కలిపి పోల్చి చూడడం మంచిది. ఇంటి లోపల, నునుపు గచ్చు మీద ఈ ఆట అసలు పెట్టుకోవద్దు. పగిలిన ప్రతి బుడగా నేల మీద జారుడు పొరను వదులుతుంది, మా వరండాలో నేనే ఒకసారి జారి కూర్చున్నాను. ముఖం మీద పగిలితే కళ్ళు మండుతాయి కనుక పక్కన ఒక చెంబు మంచినీళ్ళు ఉంచుకోవాలి, పిల్లలు గాలి వీచే దిక్కుకు ఎదురుగా కాక వెనక్కి తిరిగి నిలబడాలి. బుడగను పట్టుకోవాలనుకునే పిల్లలు ముందు చేతులను అదే ద్రావణంతో తడుపుకుంటే అది అరచేతి మీద నిలుస్తుంది, పొడి చేయి తగిలితే వెంటనే పగులుతుంది.

మొత్తం మీద కొన్న కిట్‌కు అయిదింటికి రెండు, ఇంట్లో కలిపినదానికి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది నిల్వ విషయంలో. గ్వార్ గమ్ గింజ నుంచి వచ్చినది కనుక సూక్ష్మజీవులకు మంచి ఆహారం. మా రెండో విడత ద్రావణం మూత పెట్టి ఉంచినా నాలుగో రోజుకు పలచబడి పులిసిన వాసన వేసింది. అందుకని ఇప్పుడు ఒక్క ఆటకు సరిపడా లీటరు మాత్రమే కలుపుతున్నాము. ఆట అయ్యాక తాడును మామూలు నీళ్ళలో రెండుసార్లు జాడించి నీడన ఆరవేస్తాము, లేకపోతే అది బిరుసెక్కి తరువాతిసారి ద్రావణాన్ని పీల్చదు. ముందురోజు రాత్రి నానబెట్టే పాత్ర అచ్చం మంచినీళ్ళ జగ్గులా కనిపిస్తుంది కాబట్టి దాని మీద మా అమ్మాయి ‘తాగకూడదు’ అని రాసి అంటించింది. కింద తమ్ముడు, చదవడం రానివాళ్ళ కోసమట, నాలుక బయటపెట్టిన ముఖం ఒకటి గీశాడు.