హావ్‌లాక్‌లో సొంత వంట: కొన్ని సీజన్లు వండుకు తిన్నాక నా రివ్యూ

అండమాన్ వెళ్లొచ్చినవాళ్లు బీచ్‌ల గురించి, స్కూబా గురించి బోలెడు రాస్తారు గానీ, వంటగది ఉన్న ఇల్లు తీసుకుని ఫ్రెండ్స్ అందరూ కలిసి వండుకు తింటే ఎలా ఉంటుందో ఎవరూ సరిగ్గా రాయరు, అందుకే ఇది. మేం నలుగురైదుగురం, ఇద్దరివి లాప్‌టాప్ ఉద్యోగాలు, ఒకడు డైవింగ్ పిచ్చోడు, కొన్ని చలికాలాలుగా హావ్‌లాక్ ఐలాండ్‌లోనే దిగుతున్నాం, వెళ్తే వారాల తరబడి ఉంటాం. 2018 డిసెంబర్‌లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, 2024లో పోర్ట్ బ్లెయిర్‌ని కూడా శ్రీ విజయపురం చేశారు, కానీ అక్కడ స్కూటీ అద్దెకిచ్చేవాడు కూడా ఇంకా పాత పేర్లే అంటాడు, నేనూ అవే రాస్తా.

ముందే చెప్పేస్తా, డబ్బులు మిగులుతాయని మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఉల్లిపాయలు, బంగాళదుంపలు, పప్పులు, నూనె అన్నీ ఇటు ఒడ్డు నుంచి షిప్ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ చేరి, అక్కణ్ణుంచి మళ్లీ ఇంకో బోటెక్కి రావాలి, ఆ రెండు ప్రయాణాల ఖర్చు మన సంచిలోనే పడుతుంది. పక్కన నీల్ ఐలాండ్‌లో కూరగాయలు బాగా పండిస్తారు, అండమాన్‌కి కూరగాయల బుట్ట అంటారు దాన్ని, కాబట్టి వంకాయలు, సొరకాయ, ఆకుకూరలు పర్లేదు. మిగతావి మాత్రం రేటు అడక్కుండా కొనుక్కోవడమే. రోజూ హోటల్లో తినేదానికంటే తక్కువే అవుతుంది, అందులో డౌట్ లేదు, కానీ మీరు ఊహించుకున్నంత తక్కువ కాదు.

మరి ఎందుకు వండుకోవడం అంటే, సాయంత్రాల కోసం. ఇది వెళ్లేదాకా ఎవరికీ తట్టదు. అండమాన్ ఉన్నది బాగా తూర్పున, 93 డిగ్రీల రేఖాంశం దగ్గర, దేశమంతటికీ గడియారం నడిచేదేమో 82.5 డిగ్రీల లెక్కన, దాంతో డిసెంబర్‌లో 5 గంటలకల్లా పొద్దు కుంకిపోతుంది, ఇంకో అరగంటకి చిమ్మచీకటి. బీచ్ అయిపోయింది, సినిమా హాలు లేదు, మాల్ లేదు, రోడ్డు మీద లైట్లు కూడా అంతంతమాత్రం, నిద్రపోయే టైమ్‌కేమో ఇంకా నాలుగైదు గంటలుంది. హోటల్ గదిలో ఉంటే ఆ నాలుగు గంటలూ ఫోన్ గోక్కుంటూ కూర్చోవడమే, రెస్టారెంట్‌కెళ్తే ఆర్డర్ ఇచ్చి గంట ఎదురుచూడ్డమే. అదే వంటిల్లుంటే ఒకరు ఉల్లిపాయలు తరుగుతూ, ఒకరు చేప కడుగుతూ, పనిలేనివాడు గడప మీద కూర్చుని అందరికీ సలహాలిస్తూ ఉంటే ఎనిమిదెప్పుడైందో తెలీదు. నా లెక్కలో అద్దెకి తీసుకున్నది గది కాదు, ఆ మూడు గంటలే.

ఇంటి సంగతికొస్తే మేం ఎక్కువగా దిగేది 5వ నంబర్ వైపు, అంటే విజయనగర్. అక్కడ ఊళ్లకి పేర్లున్నా అందరూ నంబర్లతోనే పిలుస్తారు, జెట్టీ 1, బజారు 3, రాధానగర్ బీచ్ 7, అలా. ఇంటివాళ్లు బెంగాలీలు. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లని తెచ్చి ఇక్కడ భూములిచ్చి స్థిరపరిచారు కదా, ఐలాండ్‌లో ఎక్కువమంది వాళ్ల పిల్లలూ మనవళ్లే. ఇంటావిడని మేం మాషీ అంటాం, మనకి పిన్ని ఎలాగో అలాగ. మాటలన్నీ హిందీలోనే, ఆవిడదీ మాదీ ఇద్దరిదీ వంకర హిందీయే కాబట్టి ఎవరికీ మొహమాటం లేదు.

మాషీ వంటింట్లోకి మొదటిసారి అడుగుపెట్టగానే మా రాజోలు అమ్మాయి కత్తిపీట చూసి ఎగిరి గంతేసింది. అచ్చం మనదే, పీట మీద కాలు మడిచి కూర్చుని కోసేది, చివర కొబ్బరి కోరడానికి పళ్లు కూడా ఉన్నాయి. పక్కనే సన్నికల్లు. హైదరాబాద్‌లో మా ఎవరి ఇంట్లోనూ ఇప్పుడు ఆ రెండూ లేవు, సముద్రం దాటి వచ్చి వాడుతున్నాం.

అసలు పంచాయితీ ఆవాల దగ్గర మొదలైంది. మా రాజోలు పిల్ల అరటిపువ్వు దొరికిందని ఆవ పెట్టిన కూర చేస్తానంది, మాషీకి అరటిపువ్వంటే ప్రాణం, పువ్వు వలిచి లోపలి దొంగలు (ఉడకని గట్టి కాడలు) తీసే పని మొత్తం ఆవిడే చేసిపెట్టింది, వేళ్లకి నల్లగా కర అంటకుండా నూనె రాసుకోమని కూడా చెప్పింది, అంతవరకు ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా ఉన్నారు. ఆవాలు, ఎండుమిర్చి నూరి, పొయ్యి కట్టేసి, కూర కాస్త చల్లారాక మావాళ్లు పచ్చి ఆవముద్ద కలుపుతుంటే మాత్రం మాషీ వింతగా చూసింది. వాళ్ల పద్ధతిలో ఆవముద్ద పచ్చిమిర్చితో నూరి, ఆవనూనెలో చేపతోపాటే ఉడకాలి. ఉడికితే చేదెక్కుతుందని ఈవిడ, పచ్చిది ఎలా తింటారని ఆవిడ. చివరికి ఆవిడ ఒక ముద్ద తిని, ముక్కులో ఘాటెక్కి, కళ్లు తుడుచుకుని, గిన్నె పట్టుకుని వాళ్లాయనకి పెట్టడానికి పోయింది. ఆ రాత్రి నుంచి మా రెండు వంటిళ్ల మధ్యా గిన్నెలు తిరగడం మొదలై ఇప్పటికీ ఆగలేదు, మన చింతపండు పులుసు అటు, వాళ్ల కొబ్బరిపాల రొయ్యలు ఇటు. ఖాళీ గిన్నె వెనక్కి పంపకూడదని మనకెంత పట్టింపో వాళ్లకీ అంతే.

చేపల విషయంలో ఒక్క రూల్ పెట్టుకోండి, ఏ రోజు కొన్నది ఆ రోజే. కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీదే, చెప్పాపెట్టకుండా పోతుంది, ఫ్రిజ్‌ని నమ్ముకుంటే పని అవ్వదు. వంజరాన్ని అక్కడ సురమై అంటారు, మా వైజాగ్ వాడికి సూర దొరికితే చాలు. రంగురంగుల పగడపుదిబ్బ చేపలు మేం కొనం, పొద్దున నీళ్లలో మాస్క్ పెట్టుకుని చూసినవాటిని రాత్రి మూకుట్లో వెయ్యబుద్ధి కాదు, అది మా ఇష్టం. ఇంకోటి, చేప కడిగిన నీళ్లు, పొట్టలో చెత్త పట్టుకెళ్లి వాగు గట్టున, మడ అడవి పక్కన పారెయ్యొద్దు, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు నిజంగానే ఉన్నాయి, బోర్డులు ఊరికే పెట్టలేదు.

సామాను గురించి. ఇక్కణ్ణుంచి తీసుకెళ్లాల్సింది చింతపండు, గుంటూరు కారం, ఇంగువ, కందిపొడి, ఒక చిన్న కుక్కర్. ఇంటివాళ్ల కుక్కర్‌కి ఎప్పుడూ గ్యాస్కెట్ లూజే ఉంటుంది, ఎందుకో తెలీదు. పచ్చళ్లు చెక్-ఇన్ బ్యాగ్‌లో గట్టిగా చుట్టి పెట్టండి, చేతి బ్యాగ్‌లో పెడితే సెక్యూరిటీ దగ్గర గోంగూరకి వీడ్కోలు చెప్పాల్సి వస్తుంది. ఎండుకొబ్బరి చిప్పలు వద్దు, నిప్పంటుకునే సరుకు కింద లెక్క అది, దిగాక పచ్చి కొబ్బరి కావలసినంత ఉంటుంది. క్యాంపింగ్ స్టవ్ గ్యాస్ డబ్బాలు కూడా విమానంలో ఒప్పుకోరు. విశాఖ నుంచి షిప్ కూడా ఉంది, రెండున్నర రోజులు పడుతుంది, వాంతులు కావంటే అందులో మూటలు బాగా పట్టుకెళ్లొచ్చు. ఏదైనా మర్చిపోతే పోర్ట్ బ్లెయిర్‌లో అబర్దీన్ బజార్‌లోనే కొనేయండి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి తరాలుగా స్థిరపడ్డ తెలుగోళ్లు ఊరినిండా ఉన్నారు, కొట్టులో తెలుగులో గొణిగినా ఎవరో ఒకరు పలుకుతారు. హావ్‌లాక్ చేరాక కావాలంటే మళ్లీ బోటెక్కాలి, రోజంతా పోయినట్టే.

బోటంటే గుర్తొచ్చింది. సముద్రం బాలేకపోతే బోట్లు ఆపేస్తారు, అప్పుడు రెండు రోజుల్లో బజారు బుట్టలు ఖాళీ. నవంబర్‌లో అలా ఇరుక్కున్నప్పుడు మైసూరుపప్పు, గుడ్లు, మాషీ పెరట్లో గుమ్మడిపూలతో గడిపాం. గుమ్మడిపూలు శనగపిండిలో ముంచి వేయిస్తే ఎంత బాగుంటాయో, నా జన్మలో ఎవరూ చెప్పలేదు. కాబట్టి నాలుగు రోజుల పప్పు, బియ్యం ఎప్పుడూ ఇంట్లో ఉంచండి. బియ్యం దగ్గర నా అభిమానం పక్కన పెట్టేశా, చవగ్గా దొరికేది ఉప్పుడు బియ్యం, మొదట్లో మొహం చిట్లించా, పులుసులోకి అదే బాగుంటుంది.

నచ్చనివి కూడా రాయాలి కదా. ఫిబ్రవరి దాటితే నీళ్లకి కటకట, అంట్లు తోమడం పెద్ద గొడవ, అందుకే మేం అరటాకుల్లోనే తింటాం, పెరట్లో కోసుకోవడం, తిన్నాక ఆవుకి పడెయ్యడం. ఇంకో ఇంట్లో ఒక సీజన్ దిగాం, ఫోటోలో వంటగది అని చూపించింది ఇండక్షన్ ప్లేటు, కెటిల్, అంతే, కరెంటు పోతే ఉపవాసం. బుక్ చేసేముందు గ్యాస్ సిలిండర్ ఉందా, అయిపోతే ఎవరు తెస్తారు అని సూటిగా అడగండి. నెట్ పర్లేదు, 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వచ్చాక హావ్‌లాక్‌కి కూడా కలిపారు, వీడియో కాల్స్ నడుస్తున్నాయి, కొట్లలో యూపీఐ కూడా. అయినా వెయ్యో, రెండువేలో నగదు జేబులో ఉండాలి.

ఫ్రెండ్స్ మధ్య గొడవలు రావా అంటే వస్తాయి, రుచుల మీద కాదు, అంట్ల మీద. వండినవాళ్లు తోమకూడదు అని పెట్టుకున్నాం, దాంతో డైవింగ్‌వాడు కూడా వంట నేర్చుకున్నాడు, సాంబారు ఒక్కటే వచ్చు, వాడి వంతొస్తే సాంబారే.

మొత్తమ్మీద 5కి 4 ఇస్తా, ఆ ఒకటి నీళ్లకీ కరెంటుకీ కోసేశా. రెండు మూడు రోజుల టూర్‌కి వెళ్లేవాళ్లకి ఇది దండగ, సంచి విప్పి సర్దేసరికి తిరుగు బోటు టైమవుతుంది, వారం దాటి ఉండేవాళ్లకే. ఎంతుంటున్నా టిఫిన్ మాత్రం వండకండి, 3వ నంబర్ బజార్లో పొద్దున్నే వేడివేడి పూరీ, బంగాళదుంప కూర దొరుకుతాయి, తినేసి చేపలవాళ్ల దగ్గరికి పోవచ్చు.