ముసురులో శ్రీకాకుళం: గుళ్లు, గదులు, గెడ్డలు

అక్టోబరులో శ్రీకాకుళం యాత్ర పెట్టుకునేవారు తలపైన మబ్బుతో పాటు ఒడిశా కొండల్లో కురిసే వానను కూడా లెక్కలోకి తీసుకోవాలి. వంశధార, నాగావళి రెండూ అక్కడే పుట్టి, చెరో 250 కిలోమీటర్లు ప్రవహించి ఈ జిల్లాలో సముద్రంలో కలుస్తాయి. కొండల మీంచి వేగంగా దిగే నదులు కావడంతో గుణుపూర్, రాయగడ వైపు కుండపోత కురిస్తే ఆ నీరు గంటల్లోనే మనల్ని చేరుతుంది. అరసవల్లిలో ఎండ కాస్తున్న వేళే హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తుతూ ఉండవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను జిల్లా ఉత్తర తీరంలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. గాలి వెలిసిందనుకునేలోగా వంశధార పొంగింది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది.

మేము అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది. విడవని ముసురు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది కాబట్టి ఊళ్లోకి బస్సో ఆటోనో తప్పదు. వానలోనూ బస్సులు బాగానే నడిచాయి.

బస విషయంలో మాత్రం చాలా ఆలోచించాం. ముందు చూసింది నదికి ఎదురుగా ఉన్న లాడ్జి. గది శుభ్రంగా ఉంది, కిటికీ తెరిస్తే నాగావళి. కానీ మాకు ఇచ్చింది కింది అంతస్తు, జనరేటర్ ఉన్నది సెల్లార్‌లో. నీళ్లు వస్తే ముందు మునిగేది అదే. "ఇక్కడికి ఎప్పుడూ నీళ్లు రాలేదు సార్" అన్నారు. వెనక గోడ మీద మోకాలెత్తున బురద చార కనిపిస్తూనే ఉంది. పెద్దవాళ్లతో అక్కడ ఉండడానికి నా మనసు ఒప్పుకోలేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు ఒక పాత లాడ్జిలో రెండో అంతస్తు తీసుకున్నాం. గది ఇరుకు, పరుపులు గట్టి, వేడినీళ్లు బకెట్లో తెచ్చి ఇస్తారు. అయినా నా మార్కులు దానికే. అడగకముందే మేనేజర్ కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ నంబరు రాసిచ్చి, "రాత్రి కరెంటు పోతే మెట్ల దగ్గర లైటు ఉంటుంది, కంగారు పడకండి" అని చెప్పాడు. వానాకాలంలో యాత్రికుడికి కావలసిన మర్యాద ఇదే.

అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలకు ఇబ్బంది కలగలేదు. శాలిహుండం బౌద్ధ స్తూపాలు కొండ మీద ఉన్నాయి కాబట్టి నీటి భయం లేదు. మెట్లు మాత్రం నాచు పట్టి జారుతున్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారు ఆగడమే మేలు. పైనుంచి చూస్తే వంశధార ఎర్రగా, గట్లు ఒరుసుకుంటూ పోతోంది. కళింగపట్నంలో పడవలన్నీ ఒడ్డుకు లాగేశారు. జాలర్లే దిగని సముద్రంలోకి సెల్ఫీల కోసం దిగే కుర్రాళ్లను చూస్తే నాకు గుండె దడ.

శ్రీముఖలింగం శివాలయానికి వెళ్లేందుకు ముందుగా ఫోన్లో మాట్లాడుకున్న కారు సంస్థ బాగా ఇబ్బంది పెట్టింది. రద్దు చేయమంటే, "మీ దగ్గర వాన తగ్గిందిగా, డబ్బు వెనక్కి రాదు" అన్నారు. వాళ్లు పంపిన డ్రైవర్ మాత్రం స్థానికుడు, పెద్దాయన. నరసన్నపేట దాటి జలుమూరు వైపు మళ్లాక ఒక గెడ్డ (వాగు) దగ్గర బండి ఆపేశాడు. వాగు దాటే చప్టా (కాజ్‌వే) మీద నీళ్లు పిక్కల లోతే ఉన్నట్టున్నాయి.

"మెల్లగా పోనిస్తే దాటదా బాబాయ్?" అన్నాడు నా తమ్ముడు.

"నీళ్ల కింద రోడ్డుందో కొట్టుకుపోయిందో ఎవరికి తెలుసు బాబూ? సాయంత్రానికి ఇంకా పెరుగుతాయి. దాటితే అటే ఉండిపోతాం."

ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చగలదు, రెండడుగులైతే పెద్ద వాహనాలనూ ఈడ్చుకుపోగలదు. తిరిగి వచ్చేశాం. పూర్తి కిరాయి ఇచ్చాం, డ్రైవర్‌కు మరికొంత చేతిలో పెట్టాం. వంద పొగడ్తల కన్నా ఇలాంటి డ్రైవర్ ఒక్కడు నయం.

వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక (సిద్ధంగా ఉండమని) ఇచ్చిందంటే నేనైతే నది దాటే ప్రయాణం వాయిదా వేస్తాను. 24 గంటల్లో 115.6 మిల్లీమీటర్లు దాటితే దాన్ని అతి భారీ వర్షం అంటారు. అలాంటిది ఎగువన కురిస్తే గెడ్డలు నదికన్నా ముందే పొంగుతాయి. ఆపదలో 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్‌కు 1070 పనికొస్తాయి. ఫోన్లు రాత్రే చార్జ్ చేసి పెట్టుకోండి. గ్రామ సచివాలయం వాళ్లు ఖాళీ చేయమంటే సామాను సర్దుతూ కూర్చోవద్దు.

శ్రీముఖలింగం చూడాలంటే డిసెంబరు తర్వాత వెళ్లండి. శివరాత్రికైతే వరద బెంగ ఉండదు కానీ చక్రతీర్థ స్నానాలకు జనం పోటెత్తుతారు. గది నరసన్నపేటలోనో శ్రీకాకుళంలోనో ముందే చూసుకోవాలి.